ఏ వేగం దగ్గర ఆనందం మొదలవుతుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కిందటి నెల ఈ శీర్షికలో ఖరీదైన స్పోర్ట్స్ కార్ల గురించి వచ్చిన ఒక ప్రశ్నకు జవాబిస్తూ, హార్స్ పవర్ అంకెను చూసి కారు నడపడంలోని సుఖాన్ని అంచనా వేయకూడదని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. ఆ ఒక్క వాక్యానికి సీమ జిల్లాల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వాటిలో కొన్నింటిని ఏరి, ఈ నెల పేజీలన్నీ ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా హాస్టల్లో రెండు వర్గాలున్నాయి సార్. ఒక వర్గానికి ఫెరారీ దేవుడు, ఇంకో వర్గానికి లంబోర్గిని. మాలో ఎవరమూ వాటిని నడపలేదు, ఇప్పట్లో నడపబోమని కూడా తెలుసు. ఆదివారం పొద్దున బెంగళూరు వైపు నుంచి హైవే మీద వచ్చే ఒకటి రెండు కార్లను చూసి, వీడియో గేముల్లో నడిపి, తగవులాడుకుంటున్నాం. బలంలో రెండూ ఇంచుమించు సమానమే అయినప్పుడు, నడిపేవాడికి తేడా ఎక్కడ తెలుస్తుంది?
— ఇంజనీరింగ్ విద్యార్థి, అనంతపురం

జవాబు: మీ తగవుకు మీ హాస్టలుకంటే వయసు ఎక్కువ. ఎంజో ఫెరారీ ఇటలీలోని మారనెల్లోలో 1947లో తన పేరుతో తొలి కారును బయటికి తెచ్చాడు. ఆయన మనసంతా పందేల మీదే ఉండేది, రోడ్డు కార్లు అమ్మడమన్నది ఆ పందేలకు డబ్బు సమకూర్చుకునే దారి. ఫెరుచ్చో లంబోర్గిని ట్రాక్టర్లు తయారుచేసి సంపన్నుడైన రైతుబిడ్డ. తన ఫెరారీలో క్లచ్ మాటిమాటికీ చెడిపోతుంటే ఆ సంగతి చెప్పబోయి, ఎంజో చేత చులకన మాట పడి, ఆ రోషంతో 1963లో అదే ప్రాంతంలోని సాంత్ అగాతా బొలొనేసెలో సొంతంగా కార్ల కంపెనీ పెట్టాడని కథగా చెబుతారు. ఆయనది వృషభ రాశి కాబట్టి కారు మీద గుర్తు గిత్త అయింది. కథ నిజమెంతో పక్కన పెడదాం. ఫెరుచ్చో తన కార్లను పందేలకు పంపడానికి ఇష్టపడలేదన్నది మాత్రం చరిత్ర. ఒకటి పందెపు మైదానంలో పుట్టి రోడ్డెక్కిన కారు, మరొకటి రోడ్డు మీద రాజసం కోసమే పుట్టిన కారు. ఈనాటికీ స్టీరింగు పట్టుకున్నవాడి చేతికి ఆ తేడా అందుతుందని నా అభిప్రాయం.

దాన్ని అంకెల్లో చూడాలంటే ఒకే కాలానికి చెందిన రెండు కార్లను పక్కపక్కన పెట్టాలి. 2009లో వచ్చిన ఫెరారీ 458 ఇటాలియాలో 4.5 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర 570 హార్స్ పవర్ ఇస్తుంది. 2014లో వచ్చిన లంబోర్గిని హురకాన్‌లో 5.2 లీటర్ల వి10 ఇంజను 8,250 ఆర్‌పీఎం దగ్గర 610 ఇస్తుంది. రెండింటిలోనూ టర్బో, అంటే ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే పరికరం, లేదు, రెండింటిలోనూ ఇంజను డ్రైవరు వీపు వెనకే ఉంటుంది, రెండింటిలోనూ గేర్లు డబుల్ క్లచ్ పద్ధతిలో, అంటే రెండు క్లచ్‌లు వంతులవారీగా పనిచేస్తూ, స్టీరింగు వెనక మీటలతో మారుతాయి. కాగితం మీద ఇవి అన్నదమ్ముల్లా కనిపిస్తాయి.

రోడ్డు మీద అలా ఉండవు. ఫెరారీ స్టీరింగు ఒక చివరి నుంచి మరో చివరికి దాదాపు రెండు చుట్లే తిరుగుతుంది. మనం రోజూ నడిపే కార్లలో అది మూడు చుట్ల దాకా ఉంటుంది. అందువల్ల మామూలు మలుపుల్లో చేతులు స్టీరింగు మీద చోటు మార్చుకోవలసిన పని ఉండదు, మణికట్టు తిప్పితే కారు ముక్కు తిరుగుతుంది. మొదటిసారి నడిపేవారికి ఇది బెదురు గిత్తను పట్టుకున్నట్టే ఉంటుంది, అవసరానికి మించి తిప్పి మళ్ళీ సరిచేసుకుంటారు. ఒక గంట గడిచాక అలవాటవుతుంది, ఆ తరవాత మామూలు కారెక్కితే దాని స్టీరింగు నిద్రపోతున్నట్టు అనిపిస్తుంది. హురకాన్‌లో బలం నాలుగు చక్రాలకూ వెళుతుంది. దానివల్ల ధైర్యం వస్తుంది, తడి రోడ్డు మీద కూడా కారు నేలను కరుచుకుని పోతుంది. కానీ మలుపులో హద్దు దాకా తీసుకెళితే ముందు చక్రాలు బయటివైపుకు జరగడం మొదలుపెడతాయి, వెనక చక్రాల నుంచి నడుముకు అందవలసిన కబురు తగ్గిపోతుంది. ఈ విమర్శ కంపెనీ చెవిన కూడా పడి ఉండాలి, 2015లోనే వెనక చక్రాలకు మాత్రమే బలమిచ్చే హురకాన్‌ను కూడా వారు తయారుచేశారు. 580 హార్స్ పవరే అయినా, నడిపే ఇష్టంతో కొనేవారికి అదే మేలైన హురకాన్ అని నేను అంటాను.

ఇక టర్బో సంగతి. 2015లో 458 స్థానంలోకి వచ్చిన 488 జీటీబీలో ఇంజను 3.9 లీటర్లకు తగ్గింది, రెండు టర్బోలు చేరాయి, బలం 670కి పెరిగింది. నేను చూడమనేది ఆ అంకెను కాదు, టార్కును. 458లో 540 న్యూటన్ మీటర్ల టార్కు 6,000 ఆర్‌పీఎం దగ్గర వచ్చేది. 488లో 760 న్యూటన్ మీటర్లు 3,000 దగ్గరే వచ్చేస్తుంది. మన ఊళ్ళలో బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. నిలిచి ఉన్న బండను కదిలించే పట్టు వేరు, కదిలాక ఆ వడిని గడువు ముగిసేదాకా నిలిపే దమ్ము వేరు. మొదటిది టార్కు, రెండోది పవరు. టర్బో ఇంజను తొలి అడుగులోనే బండను లాగి పడేస్తుంది. టర్బో లేని ఇంజను మెల్లగా అందుకుని, వడి పెరిగేకొద్దీ గొంతు పెంచుతూ, చివరి వెయ్యి ఆర్‌పీఎంలో విశ్వరూపం చూపిస్తుంది. ఘడియారం టర్బోనే గెలిపిస్తుంది. నడిపేవాడి చెవికీ పాదానికీ దక్కే సుఖంలో మాత్రం, యాక్సిలరేటరును గోరంత నొక్కితే గోరంతే జవాబిచ్చే పాత ఇంజనే మెరుగు. హురకాన్ దాదాపు పదేళ్ళపాటు, 2024 దాకా, టర్బో లేని వి10నే నమ్ముకుని ఉంది. మీ హాస్టల్లో లంబోర్గిని వర్గానికి ఇంతకంటే గట్టి వాదన దొరకదు, వాడుకోండి.

అయితే అసలు చిక్కు ఇంకోటి ఉంది. మీ ఊరి పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద కార్లకు వేగపరిమితి గంటకు 100 కిలోమీటర్లు. ఈ కార్లు రెండో గేరు ముగిసేలోపే ఆ పరిమితిని దాటిపోతాయి, ఇంకా అయిదు గేర్లు మిగిలే ఉంటాయి. కనుక నేను ఏ కారునైనా అడిగే ప్రశ్న ఒక్కటే: నీ ఆనందం ఎంత వేగం దగ్గర మొదలవుతుంది? లంబోర్గినిలో అది కారు కదలకముందే మొదలవుతుంది. ఎర్రటి మూత ఎత్తి స్టార్టు బటన్ నొక్కగానే వీపు వెనక ఉరుముతుంది, పక్కన సైకిలు మీద పోయేవాడు కూడా ఆగి నవ్వుతాడు. ఫెరారీలో మొదటి మలుపు దగ్గర మొదలవుతుంది. నేల మీద నడిపే మనిషిగా నా ఓటు, కొద్దిపాటి మొగ్గుతో, ఫెరారీకే. శబ్దానికి విడిగా బహుమతి ఇవ్వాలంటే గిత్తకే ఇస్తాను.

ప్రశ్న: ఆర్యా, జర్మనీ స్పోర్ట్స్ కారు పోర్షే 911లో ఇంజను వెనక చక్రాలకు కూడా వెనక ఉంటుందని చదివాను. మా నాన్నగారు నాపరాళ్ళ బండి తోలినవారు. బరువు వెనక్కి పోతే బండి మాట వినదని ఆయన అంటారు. అలాంటప్పుడు నడపడం తెలిసినవాళ్ళందరూ ఈ కారును ఎందుకంతగా పొగుడుతారు?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: మీ నాన్నగారి మాటలో తప్పు లేదు. ఎద్దుల బండికి వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడకు ఉరి బిగుస్తుంది, ముందు బరువు ఎక్కువైతే మెడ మీద మోత పెరుగుతుంది. బరువు సర్దడమే సగం పనితనం. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 911ను చూపించినప్పుడు దానిపేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్సుకు చెందిన ప్యూజో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో పేరు మార్చారు, ఇంజను చోటు మాత్రం మార్చలేదు. నేటికీ కారు బరువులో దాదాపు అరవై శాతం వెనక చక్రాల మీదే పడుతుంది.

ఇందులో ప్రమాదం ఎక్కడుందంటే, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు నుంచి కాలు తీసేసినప్పుడు. అప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది, వెనక టైర్ల పట్టు సడలుతుంది, వెనకనున్న బరువు వడిసెలలోని రాయిలా బయటికి విసురుకుపోవాలని చూస్తుంది. తొలినాళ్ళ 911లలో ఇది నిజంగానే ప్రాణాంతకంగా ఉండేది. 1969 మోడలుకు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచి కొంత సర్దారు. 1975లో వచ్చిన టర్బో మోడల్లో మళ్ళీ ఇదే గండం, ఎందుకంటే ఆ టర్బో బలం ఆలస్యంగా, ఒక్కసారిగా, సరిగ్గా మలుపు మధ్యలో వచ్చి పడేది. 1993లో వెనక సస్పెన్షన్‌ను కొత్త పద్ధతిలో కట్టాక కారు చాలావరకు దారికి వచ్చింది. ఇప్పటి 911ను మామూలు మనిషి మామూలుగా నడిపితే ఈ స్వభావం బయటపడనే పడదు.

ఇక పొగడ్త ఎందుకంటే, ఆ దోషంలోనే మూడు గుణాలున్నాయి. మలుపు దాటి బయటికి వచ్చేటప్పుడు బరువంతా బలమిచ్చే చక్రాల మీదే ఉంటుంది కాబట్టి అవి వట్టిగా తిరగకుండా నేలను తన్ని లేస్తాయి. బ్రేకు వేసినప్పుడు ముందుకు ఒరిగే బరువు నాలుగు చక్రాలకూ ఇంచుమించు సమంగా పంచుకుంటుంది, మిగతా కార్లలోలా ముందు చక్రాలే భారమంతా మోయవలసిన పని ఉండదు. ముందు భాగం తేలికగా ఉండడంవల్ల స్టీరింగు నేలతో నేరుగా మాట్లాడుతుంది. దీన్ని రుచి చూసే భాగ్యం నాకు ఒక్కసారి కలిగింది. బెంగళూరులో స్థిరపడిన పాత విద్యార్థి ఒకరు తన 911ను, 2011లో పోర్షే ఎలక్ట్రిక్ స్టీరింగుకు మారడానికి ముందటి దాన్ని, ఒక తెల్లవారుజామున పెనుకొండ దగ్గర నా చేతికిచ్చారు. గంటకు డెబ్బై కిలోమీటర్ల వేగంలోనే తారు అతుకుల గరుకు, రోడ్డు వాలు, వంతెన కీలు దగ్గర చిన్న ఎత్తు, అన్నీ అరచేతికి వేరువేరుగా తెలిశాయి. అంతకుముందు ముప్పై ఏళ్ళుగా అదే దారిన తిరిగాను, ఆ దారికి ఇన్ని అక్షరాలున్నాయని తెలియదు.

నాపరాళ్ళ బండికీ దీనికీ ఒకే నియమం వర్తిస్తుందని మీ నాన్నగారికి చెప్పండి: పల్లానికి ముందే వేగం తగ్గించాలి, మలుపులో చెయ్యి స్థిరంగా ఉంచాలి, దారి కనిపించాకే తోలాలి. గువ్వలచెరువు ఘాట్‌లో లారీలు నడిపేవారు చెప్పేదీ అదే. ఆ ఘాట్‌లో ఎవరూ, ఏ కారులోనూ, ఈ పాఠాన్ని పరీక్షించి చూడకూడదు. అక్కడ ఆగి పాలకోవా తినడం వరకే సబబు.

ప్రశ్న: మా అబ్బాయి గోడ మీద మెక్‌లారెన్ బొమ్మ అంటించుకున్నాడు. ఫెరారీ, లంబోర్గిని పేర్లు నేనూ విన్నాను గానీ ఇదెవరిది? ఆ రెండింటి సరసన నిలబడగలదా?
— ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ అబ్బాయిది మంచి అభిరుచి. న్యూజిలాండ్‌కు చెందిన డ్రైవరు బ్రూస్ మెక్‌లారెన్ 1963లో పెట్టిన పందేల జట్టు ఇది. ఆయన 1970లో ఇంగ్లండ్‌లో ఒక కారును పరీక్షిస్తూ చనిపోయాడు, జట్టు నిలిచింది. 1992లో వీరు ఎఫ్1 అనే రోడ్డు కారు చేశారు. దక్షిణాఫ్రికాలో పుట్టిన గోర్డన్ మర్రే దాన్ని రూపొందించాడు. డ్రైవరు సీటు సరిగ్గా మధ్యలో, కొంచెం వెనకగా ఇద్దరికి సీట్లు. బీఎండబ్ల్యూ చేసిన 6.1 లీటర్ల వి12 ఇంజను. ఎఫ్1 కార్లు మొత్తం 106 మాత్రమే తయారయ్యాయి. 1998లో అది గంటకు 386 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది, టర్బో లేకుండా.

ఇప్పటి మెక్‌లారెన్‌లు కార్బన్ ఫైబర్ తొట్టి చుట్టూ కట్టినవి. 2011లో వచ్చిన కారులో ఆ తొట్టి బరువు 75 కిలోలే. మిగతావారందరూ ఎలక్ట్రిక్ స్టీరింగుకు మారిపోతున్న కాలంలో వీరు నూనె ఒత్తిడితో పనిచేసే పాత పద్ధతినే పట్టుకుని కూర్చున్నారు, ఎందుకంటే ఆ గొట్టాల గుండానే రోడ్డు కబురు చేతికి చేరుతుంది. ఫెరారీ కూడా 2017లో వచ్చిన 812 సూపర్‌ఫాస్ట్ దాకా అలాగే ఉండి, అక్కడ మారింది. ఇంకో విశేషం సస్పెన్షన్: వీరి పెద్ద మోడళ్ళలో ఎడమ కుడి డ్యాంపర్లను (కుదుపును అణచే షాక్ అబ్జార్బర్లను) నూనె గొట్టాలతో ఒకదానికొకటి కలిపి, కారు పక్కకు ఒరగకుండా ఆపే ఇనుప కడ్డీని తీసేశారు. అందుకే ఇంత వేగవంతమైన కారు గతుకుల్లో ఆశ్చర్యపోయేంత మెత్తగా పోతుంది. లోపం గొంతులో ఉంది. వి8 టర్బో ఇంజను పని బాగా చేస్తుంది గానీ పాడలేదు. చేతికి విందు, చెవికి పస్తు.

ప్రశ్న: చేతి గేర్ల కారుకంటే ఆటోమేటిక్ గేర్లున్న కారే వేగంగా పోతుందని కంపెనీలే ఒప్పుకుంటున్నాయి. అయినా ఔత్సాహికులు చేతి గేర్ల కోసం ఎందుకు వెంపర్లాడతారు? ఇది వట్టి పాతకాలపు మోజు కాదా?
— ఒక అధ్యాపకురాలు, కర్నూలు

జవాబు: కొంత మోజే. కానీ మార్కెట్ చెప్పిన కథ వినండి. పోర్షే 2013లో 911 జీటీ3ని ఆటోమేటిక్ గేర్లతో మాత్రమే విడుదల చేసింది. కొనేవారిలో ఒక వర్గం గొణిగింది. 2016లో చేతి గేర్లతో 911 ఆర్ అనే కారును 991 మాత్రమే తయారుచేస్తే అవి ఇట్టే అయిపోయాయి, ఆ తరవాతి సంవత్సరమే జీటీ3లోకి చేతి గేర్లు తిరిగొచ్చాయి. 2021 నాటి జీటీ3 ఆటోమేటిక్ గేర్లతో సున్నా నుంచి నూరు కిలోమీటర్ల వేగానికి 3.4 సెకన్లలో చేరుతుంది, చేతి గేర్లతో 3.9 సెకన్లు పడుతుంది. ఆ అర సెకను నష్టాన్ని తెలిసే కోరుకుంటున్నారు.

మీరు బోధించేవారు కాబట్టి ఇలా చెబుతాను. లెక్క యంత్రం జవాబును తొందరగా ఇస్తుంది. నోటితో లెక్క చేసేవాడికి మధ్యలోని మెట్లు కూడా దక్కుతాయి. క్లచ్ తొక్కి, యాక్సిలరేటరు ఒక్కసారి తట్టి ఇంజను వడిని సరిపోల్చి, కింది గేరును కుదుపు లేకుండా దించడంలో చేతులు, కాళ్ళు, చెవి కలిసి పనిచేయాలి. అది కుదిరినప్పుడు కలిగే తృప్తికి వేగంతో సంబంధం లేదు, నలభై కిలోమీటర్ల దగ్గరా దొరుకుతుంది. పాత ఫెరారీలలో గేరు కడ్డీ ఇనుప పలక చీలికల్లోంచి కదులుతూ ప్రతిసారీ టక్కుమనేది. ఆ చప్పుడు కోసమే వేలంలో లక్షల డాలర్లు అదనంగా పోసేవారున్నారు. ఫెరారీ, లంబోర్గిని తమ మామూలు కార్లలో చేతి గేర్లు ఆపేసి పదేళ్ళు దాటింది.

అన్ని ఆటోమేటిక్‌లూ ఒకటి కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2011లో వచ్చిన లంబోర్గిని అవెంటడోర్‌లో ఒకే క్లచ్ ఉన్న గేరుపెట్టె ఉండేది; తీవ్రంగా నడిపేటప్పుడు ప్రతి గేరుకూ వీపు మీద చరిచినట్టుండేది, ఊళ్ళో మెల్లగా పోయేటప్పుడు కొత్తగా క్లచ్ నేర్చుకుంటున్నవాడి బండిలా తల ఊపించేది. 6.5 లీటర్ల వి12కు అంతటి మొరటుతనం అందమేననే అభిమానులూ ఉన్నారు. నేను వారిలో లేను.

ప్రశ్న: ఈ కార్లు మన రోడ్ల మీద నడుస్తాయా? మా వీధిలోనే ఆరు స్పీడ్ బ్రేకర్లున్నాయి.
— ఒక వ్యాపారి, నంద్యాల

జవాబు: నడుస్తాయి, మీరు ఓపిక పడితే. చాలావాటిలో బటన్ నొక్కగానే ముందు భాగం కొన్ని సెంటీమీటర్లు లేచే ఏర్పాటుంటుంది. స్పీడ్ బ్రేకరుకు ఎదురుగా కాకుండా కొంచెం ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ ఎక్కించి దించాలి. పైన చెప్పిన ఆ తెల్లవారుజామునే నేను ఒక పల్లె మొదట్లో రంగు వేయని స్పీడ్ బ్రేకరును చూడక కారు గడ్డం గీయించాను. నా విద్యార్థి నవ్వి ఊరుకున్నారు గానీ, నాకు ఆ రోజంతా అన్నం సహించలేదు.

మీ ఊరికి సరిపోయేలా పుట్టిన కార్లు రెండున్నాయి. 2022లో లంబోర్గిని హురకాన్ స్టెర్రాటో అనే మోడల్ తెచ్చింది. మామూలు హురకాన్ కంటే నేల నుంచి 44 మిల్లీమీటర్లు ఎత్తు, మట్టిదారులకు తగిన టైర్లు, దుమ్ము మింగకుండా ఇంజనుకు గాలి అందించే గొట్టం పైకప్పు మీద. 1,499 కార్లే చేశారు. అదే ఏడాది పోర్షే 911 డకార్ వచ్చింది, 1984 పారిస్–డకార్ ర్యాలీలో నాలుగు చక్రాలకూ బలమిచ్చే 911 గెలిచిన జ్ఞాపకంగా, అవి 2,500. చిత్రమేమంటే, కారును ఎత్తు చేసి, టైర్లను మెత్తన చేసి, గరిష్ఠ వేగం తగ్గించాక, ఈ రెండూ నడపడానికి మరింత సరదాగా తయారయ్యాయి. పట్టు తక్కువైన టైరు తక్కువ వేగం దగ్గరే మాట్లాడడం మొదలుపెడుతుంది, కారణం అంతే.

చూపు సంగతి కూడా అడగవలసింది మీరు. పాత లంబోర్గిని కౌంటాక్‌ను వెనక్కి తీయాలంటే తలుపు పైకెత్తి, గడప మీద కూర్చుని, తల బయటపెట్టి చూసుకుంటూ తీసేవారు. సాయంత్రం వేళ కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ఆ విన్యాసం చేస్తే జనం టిక్కెట్టు కొని చూస్తారు.

ప్రశ్న: నేను పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. మా లైన్లో ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే ఏర్పాటుంది. తక్కువ సంఖ్యలో చేయడమే ఆ కార్ల గొప్పతనమా?
— ఒక సాంకేతిక ఉద్యోగి, పెనుకొండ

జవాబు: కాదు. 2024లో ఫెరారీ ప్రపంచం మొత్తం మీద 13,752 కార్లు, లంబోర్గిని 10,687 కార్లు కొనుగోలుదారులకు అందించాయి. అదే ఏడాది పోర్షే మూడు లక్షలు దాటింది, ఇంచుమించు మీ ఫ్యాక్టరీ సామర్థ్యం అంత. అందులో ఎక్కువ భాగం ఎత్తైన కుటుంబ కార్లే అయినా, 911 రుచి దానివల్ల చెడలేదు. తలుపు సందుల కొలతల్లో, రంగు నునుపులో మీ లైను పాతకాలపు ఇటాలియన్ చేతిపనికి పాఠాలు చెప్పగలదు. మొహమాటం లేకుండా ఈ మాట రాస్తున్నాను.

ప్రశ్న: ఇప్పుడు అన్నిటికీ బ్యాటరీలు తగిలిస్తున్నారు. ఇక నడిపే సుఖం పోయినట్టేనా?
— ఒక విశ్రాంత డ్రైవరు, గుత్తి

జవాబు: పోలేదు, రూపం మారుతోంది. ఫెరారీ 296 జీటీబీలో వి6 ఇంజనుకు మోటారు కలిపితే 830 హార్స్ పవర్. లంబోర్గిని రెవుయెల్టోలో వి12కు మూడు మోటార్లు కలిపితే 1,015. హురకాన్ వారసుడు టెమెరారియోలో టర్బో వి8 అయినా 10,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. మోటారు వెంటనే అందుకోవడంవల్ల టర్బో ఆలస్యం వినిపించదు, ఇది లాభం. బరువు పెరుగుతుంది, ఇది నష్టం. బరువును కంప్యూటర్ దాచగలదు గానీ తగ్గించలేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఎలక్ట్రిక్ కార్ల పందేన్ని నేను చూశాను. టైర్ల కీచుమనే చప్పుడు, నేల మీద రబ్బరు ఎక్కడ పట్టు వదులుతోందో కూడా చెవికి స్పష్టంగా తెలిసింది. ఇంజను హోరులో ఇన్నాళ్ళూ అది వినిపించేది కాదు. మీ చెవులకు అది నచ్చుతుందో లేదో చెప్పలేను, నాకు కొత్త సంగీతంలా అనిపించింది.

ప్రశ్న: మీరు చెప్పినవన్నీ కోట్ల మాటలు. నా దగ్గర పన్నెండేళ్ళ నాటి చిన్న కారుంది. దానిలో ఆ సుఖంలో పదో వంతైనా దొరుకుతుందా?
— ఒక ప్రభుత్వోద్యోగి, ఆదోని

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నింటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. 1996లో ఇంగ్లండ్‌కు చెందిన లోటస్ కంపెనీ ఎలీజ్ అనే కారు తెచ్చింది. 1.8 లీటర్ల ఇంజను, 118 హార్స్ పవర్, పవర్ స్టీరింగు లేదు. అల్యూమినియం ముక్కలను జిగురుతో అంటించిన చట్రం. మొత్తం బరువు 725 కిలోలు, అంటే మన మారుతి 800 కంటే ఒక లావుపాటి మనిషి ఎక్కువ. ఫెరారీలో సగం ధర కూడా లేని ఆ కారును, నడపడంలోని సుఖానికి కొలబద్దగా ఇప్పటికీ చూపిస్తారు. దాని ఆనందం యాభై కిలోమీటర్ల దగ్గర మొదలవుతుంది. తేలికదనం, నిజం చెప్పే స్టీరింగు, చేతి గేర్లు – ఈ మూడూ మీ పాత చిన్న కారులో ఏదో ఒక పాలు ఉన్నాయి.

వాటిని బయటికి తీయడానికి పెద్ద ఖర్చు లేదు. ముందు డిక్కీ ఖాళీ చేయండి. పన్నెండేళ్ళ కారు డిక్కీలో ఇరవై కిలోల చెత్త ఉండి తీరుతుంది. టైర్ల మీద గీతలు మిగిలి ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటే నాలుగూ మార్చండి, స్టీరింగుకు ప్రాణం అక్కడి నుంచే వస్తుంది. డ్యాంపర్లు నూనె కారుతున్నాయేమో మెకానిక్‌ చేత చూపించండి, చక్రాల అలైన్‌మెంట్ చేయించండి. మరీ ముచ్చటపడితే, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనో కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలోనో సొంత కార్లను ట్రాక్ మీదికి అనుమతించే రోజులుంటాయి, హెల్మెట్ పెట్టుకుని వెళ్ళి రావచ్చు. ఇక గాలి సంగతి: పెట్రోలు బంకుకు పది కిలోమీటర్లు నడిపివెళ్ళి వేడెక్కిన టైర్లలో కాదు, ఇంటి దగ్గర పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి; ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద అంటించి ఉంటుంది.